కోడు మారవచ్చును, లెక్క మారరాదు

అనువాదము తెలుగువారికి క్రొత్త విద్య కాదు. తెలుగు సాహిత్యము మహాభారతానువాదముతోనే తల యెత్తినది. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున నన్నయ ఆరంభించిన ఆ మహాకార్యమును 13వ శతాబ్దిలో తిక్కన 15 పర్వములు రచించి గట్టెక్కించెను. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించెను. ఆ మువ్వురును మాటకు మాట పెట్టినవారు కారు. సంస్కృతమూలములోని భావమును గ్రహించి, తెలుగు నడకకు ఒదుగునట్లు మరల పుట్టించినారు. మాట విడిచినను కథను విడువలేదు.

ఇట్టి చిక్కే నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఎదురగుచున్నది. కంప్యూటరుచేత చేయింపవలసిన పనిని మనుష్యులు ఏదో యొక కృత్రిమభాషలో వ్రాయుదురు. అట్టి భాషలు వందలకొలది కలవు. కాలము గడచిన కొలది పాత భాష తెలిసినవారు తగ్గిపోవుదురు. పాత యంత్రములు మూలబడును. ప్రోగ్రాము మాత్రము పని చేయుచునే యుండును. జీతములు, పింఛనులు, బ్యాంకు ఖాతాలు, బీమా లెక్కలు మొదలగువానిలో ఎన్నియో నలువది, యేబది యేండ్ల క్రిందట వ్రాసిన ప్రోగ్రాములమీదనే నేటికిని నడచుచున్నవి. వానిని క్రొత్త భాషలోనికి మార్చుట యనగా కదలుచున్న బండికి చక్రము మార్చుట వంటిది. కావ్యానువాదమున దోషము దొరలినచో విమర్శకుడు నొచ్చుకొనును. ఇచ్చట దొరలినచో ఎవరో యొక వృద్ధుని పింఛను ఆగిపోవును.

రెండు తెగలు

కంప్యూటరు భాషలలో ప్రొసీజరల్ భాషలని ఒక తెగ, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలని మరియొక తెగ. తెలుగున ఒకదానిని క్రియాప్రధానమనియు, రెండవదానిని వస్తుప్రధానమనియు అనవచ్చును. ఫోర్ట్రాన్, కోబాల్, పాస్కల్, సి మొదటి తెగకు చెందినవిగా పుట్టినవి. స్మాల్‌టాక్, జావా, సి షార్ప్ రెండవ తెగవి.

ఈ భేదము పెండ్లియింట సులభముగా కానవచ్చును. ఒక యింట పెండ్లిపెద్ద చేతిలో పొడవైన జాబితా యుండును. పొయ్యి వెలిగింపుము, ఎసరు పెట్టుము, పందిరికి మామిడాకులు కట్టుము, మేళమువారికి ఫలహారము పంపుము అని ప్రతి యడుగును ఆయనయే చెప్పవలెను. బియ్యము, బెల్లము, డబ్బు అన్నియు నడిమి గదిలో నుండును. ఎవరైనను వచ్చి తీసికొనవచ్చును. ఇది క్రియాప్రధానమైన పద్ధతి. మరియొక యింట వంట బాధ్యత వంటవారిది. వారి సామాను వారి గదిలో తాళము వేసి యుండును. పందిరి పని పందిరివారిది, మేళము మేళమువారిది. పెద్ద "విస్తళ్లు వేయించుడు" అని మాత్రము చెప్పును. ఏ గుండిగలో ఏది వండవలెనో ఆయన కనవసరము. ఇది వస్తుప్రధానమైన పద్ధతి. సమాచారమును, దానిపై చేయదగిన పనులను ఒకచోట కట్టి, ఆ మూటకు ఆబ్జెక్టు అని పేరు పెట్టినారు. ఒకే తీరు ఆబ్జెక్టులను పోతపోయు అచ్చునకు క్లాసు అని పేరు.

రెండిండ్లలోను పెండ్లి జరుగును. చిక్కంతయు మొదటి యింటి జాబితాను రెండవ యింట అమలు జరుపవలెనన్నప్పుడు వచ్చును. జాబితాలో పనుల వరుస యున్నది గాని, ఏ పని ఎవరిదో, ఏ వస్తువును ఎవరు తాకరాదో వ్రాసి లేదు.

క్రియ గర్భమున పుట్టిన వస్తువు

1957లో ఐబీఎం సంస్థలో జాన్ బేకస్ నాయకత్వమున ఫోర్ట్రాన్ వెలువడెను. అది శాస్త్రగణితమునకు ఉద్దేశింపబడినది. 1959లో అమెరికా రక్షణశాఖ ప్రోత్సాహముతో ఏర్పడిన సంఘము వ్యాపారపు లెక్కలకై కోబాల్ నిర్మాణమునకు పూనుకొన్నది. గ్రేస్ హాపర్ అంతకుముందే రూపొందించిన ఫ్లో-మ్యాటిక్ అను భాష దానికి ముఖ్యాధారము. 1960 డిసెంబరులో, దాదాపు ఒకే రూపమున నున్న కోబాల్ ప్రోగ్రామును రెండు వేరు వేరు కంపెనీల యంత్రములపై నడిపి చూపినారు. యంత్రము మారినప్పుడెల్ల ప్రోగ్రామును మరల వ్రాయనక్కరలేదను ఆశకు అది తొలి నిదర్శనము.

ఆ దశాబ్దముననే నార్వే రాజధాని ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలే-యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను ఇరువురు మరియొక తలంపుతో పని చేయుచుండిరి. కర్మాగారమున సరకులు, రేవున ఓడలు, వరుసలలో మనుష్యులు ఎట్లు కదలుదురో, ఎచ్చట ఆగిపోవుదురో కంప్యూటరులో అనుకరించి చూపుట వారి సంకల్పము. అందులకు ఆల్గోల్ 60 అను క్రియాప్రధాన భాషను ఆధారముగా గైకొనిరి. ఆల్గోల్‌లో ఒక ప్రొసీజరును పిలిచినప్పుడు దాని సొంత లెక్కలకు కొంత చోటు ఏర్పడును. పని ముగియగానే ఆ చోటు మాసిపోవును. ఆ చోటును మాసిపోనీయక, పని ముగిసిన పిమ్మటను బ్రతికియుండనిచ్చినచో ఏమగునని వారు యోచించిరి. అట్లు బ్రతికిన చోటే ఆబ్జెక్టు. 1967 నాటి సిమ్యులా 67 భాష ఆ యోచనకు ఫలము. 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము వారికి లభించినది. 2002లో ఇరువురును కొద్ది వారముల తేడాతో కీర్తిశేషులైరి.

కావున వస్తువు క్రియకు పరాయిది కాదు. రెండు తెగలకును నడుమ వైరమున్నట్లు తలచువారు ఈ పుట్టుకను మరచిపోవుచున్నారు. తరువాత అమెరికాలో అలన్ కే తన తోడివారితో 1970వ దశకమున జెరాక్స్ పరిశోధనాలయములో స్మాల్‌టాక్‌ను నిర్మించి, సర్వమును ఆబ్జెక్టుగనే చూడవలెనను సిద్ధాంతమును కొనదాక నడిపెను.

పల్లమునకు పోవు నీరు

వస్తుప్రధాన భాషనుండి క్రియాప్రధాన భాషలోనికి మార్చుట పల్లమునకు నీరు పోవుట వంటిది. ఇందులకు చక్కని సాక్ష్యము సి ప్లస్ ప్లస్ చరిత్రము. డెన్మార్కు దేశీయుడైన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జిలో పరిశోధనకై సిమ్యులా వాడెను. ప్రోగ్రామును ఆలోచించుటకు ఆ భాష ఎంత అనుకూలమో, దానిని నడుపుటలో అంత మందకొడి యని ఆయన కనుభవమైనది. 1979లో బెల్ లేబొరేటరీస్‌లో చేరిన పిమ్మట, వేగవంతమైన సి భాషకు సిమ్యులా తీరు క్లాసులను చేర్చుటకు పూనుకొనెను. 1983లో ఆ భాషకు సి ప్లస్ ప్లస్ అను పేరు వచ్చినది. 1985లో అది లోకమునకు విక్రయమునకు వెలువడెను.

ఆ తొలినాళ్ల సాధనమునకు సీఫ్రంట్ అని పేరు. అది సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామును నేరుగా యంత్రసంకేతములలోనికి మార్చెడిది కాదు. సి భాషలోనికి మార్చెడిది. సి అప్పటికే అనేక యంత్రములపై వ్యాపించియుండుటచే ఈ మార్గము లాభకరమైనది.

మార్పు జరుగు విధము సరళమైనది. పొదుపు ఖాతా అను క్లాసు కలదనుకొందము. దానిలోని నిల్వ, పేరు, తేదీ మున్నగు సమాచారము సి భాషలో ఒక స్ట్రక్చరుగా మారును. "వడ్డీ వేయుము" అను పని మామూలు ఫంక్షనుగా మారును. అయితే ఏ ఖాతాకు వేయవలెనో తెలియుటకు ఆ ఖాతా యొక్క మెమరీ చిరునామా మొదటి వస్తువుగా రహస్యముగా చేరును. పొదుపు ఖాతాకు ఒక తీరున, గడువు డిపాజిట్టుకు మరియొక తీరున వడ్డీ వేయవలసి యున్నచో, ప్రతి క్లాసునకును ఏ పనికి ఏ ఫంక్షను అని చెప్పు పట్టిక యొకటి తయారగును. ప్రతి ఆబ్జెక్టును తన పట్టిక ఎచ్చటనున్నదో గుర్తుంచుకొనును. పిలిచినవాడు ఖాతా రకమును అడుగనక్కరలేదు. పట్టికయే దారి చూపును. ఇందులో రహస్యమేమియు లేదు, అంతయు యాంత్రికమే.

అయినను ఒకటి నష్టమగును. సి ప్లస్ ప్లస్‌లో ఖాతా నిల్వను బయటివారు తాకరాదని వ్రాసియున్నచో సీఫ్రంట్ ఆ నియమమును పరీక్షించి, తప్పినవారిని ఆపెడిది. పరీక్ష ముగిసి సి రూపము వచ్చిన పిదప ఆ గోడలు ఉండవు. వంటగది తాళము ఊడి, సామానంతయు మరల నడిమి గదిలో పడును. యంత్రమునకు దానితో పని లేదు. మనుష్యుడు ఆ సి రూపమునే మూలముగా గైకొని సవరింప మొదలిడినచో మాత్రము, ఏది తాకరానిదో చెప్పువారు లేరు. అందుచేతనే సీఫ్రంట్ వెలువరించు సి రూపము మనుష్యులు చదువుటకు ఉద్దేశింపబడలేదు.

భాష వేరు, పద్ధతి వేరు అనుటకు మరియొక ఉదాహరణము లినక్స్. దాని కేంద్రభాగము ప్రధానముగా సి భాషలోనే యున్నది. అయినను ఫైళ్లను, పరికరములను నడుపు చోట్ల ఫంక్షనుల చిరునామాలతో నిండిన పట్టికలే కానవచ్చును. వస్తుప్రధానమైన ఆలోచన క్రియాప్రధానమైన భాషలో కాపురము చేయుచున్నదన్నమాట.

మిట్ట యెక్కు బండి

ఎదురుదారి కఠినమైనది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వెలువరించిన జావా త్వరలోనే కార్యాలయములలో వ్యాపించినది. నాటినుండి కోబాల్‌ను జావాలోనికి మార్చు సాధనములు ఎన్నియో వచ్చినవి. వానిలో చాలభాగము పంక్తికి పంక్తి మార్చునవి. కోబాల్ ప్రోగ్రాములోని సమాచారమంతయు ఒకే మహాకాయమైన క్లాసులోనికి ఎత్తిపోయును. పేరాలన్నియు దానిలో ఫంక్షనులగును. ఒకచోటినుండి మరియొకచోటికి దుముకు గో టు ఆజ్ఞకు జావాలో సమానమైనది లేదు గావున, దానిని లూపులతోను సంఖ్యలతోను నటింపజేయుదురు. ఇట్లు పుట్టినదానిని వృత్తిలోనివారు పరిహాసముగా జోబాల్ అందురు. అది పేరునకు జావా, ప్రాణమునకు కోబాల్. కోబాల్ తెలిసినవాడు దానిని చదువలేడు. జావా తెలిసినవాడు చదివి నమ్మలేడు. మూలబడిన యంత్రమును విడిపించుకొనుటకు అది ఉపకరించును గాని, ప్రోగ్రామును అర్థము చేసికొనుటకు ఉపకరింపదు.

దీనికి కారణము పరికించుడు. పల్లమునకు వచ్చునప్పుడు ఉద్దేశము వ్రాతలో నున్నది. విడుచుట మాత్రమే పని. మిట్ట యెక్కునప్పుడు వ్రాతలో లేని యుద్దేశమును వెదకి తేవలెను. ఒక బ్యాంకు ప్రోగ్రాములో ఖాతా రకమునకు 1, 2, 3 అను గుర్తులున్నవనుకొనుడు. రకము 3 అయినచో జరిమానా వలదని నలువది చోట్ల పరీక్ష యున్నది. నలువది యొకటవ చోట ఆ పరీక్ష లేదు. ఈ గుర్తులను మూడు క్లాసులుగా మార్చి, జరిమానా నియమమును ఒక్కచోటనే వ్రాయవలెనన్నచో, ఆ నలువది యొకటవ చోటు మాటేమి? అది ప్రోగ్రామరు మరుపా, లేక ఏదో సంవత్సరమున వచ్చిన ఉత్తరువును అనుసరించి కావలెననియే విడిచినదా? కోడు ఈ ప్రశ్నకు బదులు చెప్పదు. బదులు చెప్పగలవాడు ఉద్యోగవిరమణ చేసి యుండును.

కోబాల్‌లో రీడిఫైన్స్ అను మాట కలదు. దానివలన మెమరీలోని ఒకే చోటును ఒకమారు తేదీగను, మరియొకమారు సంఖ్యగను చదువవచ్చును. మెమరీ బంగారమువలె ఖరీదైన దినములలో అది పొదుపరితనము. జావా అట్టి చనవును ఈయదు. ఏ సందర్భమున ఏ యర్థమో తేల్చి, రెండు వేరు వస్తువులుగా విడదీయవలెను. ఇది వ్యాకరణముతో తీరు పని కాదు; తాత్పర్యనిర్ణయము.

పైసలలో దాగిన ప్రమాదము

డబ్బు లెక్క వచ్చుసరికి ప్రమాదము మరింత సూక్ష్మమగును. కోబాల్ మొదటినుండియు మనుష్యులవలెనే పదుల లెక్కలో నడచుటకు అలవాటుపడినది. రూపాయలకు ఇన్ని స్థానములు, పైసలకు ఇన్ని స్థానములు అని ముందే నిర్ణయింతురు. జావాలో సామాన్యముగా భిన్నములకు వాడు డబుల్ అను రకము రెండుల లెక్కలో నడచును. దానిలో 0.1ని సరిగా నిలుపుటకు వీలులేదు. 0.1కి 0.2 కలిపినచో 0.30000000000000004 వచ్చును. జావాలో పదుల లెక్కకు బిగ్‌డెసిమల్ అను క్లాసు ప్రత్యేకముగా కలదు. అనువాదకుడు దానిని వాడవలెనని ఎరిగియుండవలెను.

అదియు చాలదు. కోబాల్‌లో రౌండెడ్ అను మాట వ్రాసిననే తప్ప, మిగులు అంకెలు దగ్గరి విలువకు సవరింపబడవు, కత్తిరింపబడును. అనువాదకుడు మంచి చేయుచున్నాననుకొని సవరించినచో, కొన్ని ఖాతాలలో ఒక పైస పెరుగును. లక్ష ఖాతాలలో పైస చొప్పున పెరిగినచో అది వెయ్యి రూపాయలు. సొమ్ము స్వల్పమే గాని, ఆ రాత్రి చిట్టా కుదరదు. కుదరని చిట్టాను ఏ బ్యాంకును మూయనీయదు.

పాత వ్రాతలో దాగిన ఊహలు క్రొత్త యింట ఎట్లు ప్రాణాంతకమగునో 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు లోకమునకు చూపినది. అచ్చట భాష మారలేదు. ఏరియాన్ 4 నుండి తెచ్చిన ప్రోగ్రాము భాగము మరింత వేగముగా ఎగయు రాకెట్టులో కూర్చుండినది, అంతే. 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోటిలో ఇరికింపబోయి అది విఫలమైనది. పయనమైన 40 సెకండ్లకే రాకెట్టు దారి తప్పి పేలిపోయినది. పాత రాకెట్టులో ఆ సంఖ్య అంత పెరుగదను ఊహ నిజమే. క్రొత్త రాకెట్టునకు ఆ ఊహను ఎవరును తిరిగి పరీక్షింపలేదు.

తాటిపై రావి

అయినచో మార్గమేమి? ఈ వృత్తిలోని అనుభవజ్ఞులు చెప్పు మొదటి మాట, మార్చుటకు ముందు కొలువుమనునది. మైకేల్ ఫెదర్స్ 2004లో ప్రకటించిన గ్రంథమున, పాత ప్రోగ్రాము ఏమి చేయవలెనో కాక, ఇప్పుడు వాస్తవముగా ఏమి చేయుచున్నదో నమోదు చేయు పరీక్షలు ముందుగా వ్రాయవలెనని బోధించెను. తప్పైనను సరే, ఉన్నదానిని ఉన్నట్లు పట్టుకొనవలెను. తప్పొప్పుల విచారణ తరువాతి మాట.

రెండవది విభజన. ఏ సమాచారమును ఏయే ప్రొసీజర్లు తాకుచున్నవో పట్టిక వ్రాసినచో, కొన్ని గుంపులు తమంతట తామే కానవచ్చును. ఆ గుంపులే కాబోవు క్లాసులు. ఇచ్చట డేవిడ్ పార్నస్ 1972లో చెప్పిన సూత్రము నేటికిని దీపమే: పనుల వరుసను బట్టి ప్రోగ్రామును ముక్కలు చేయరాదు, ముందుముందు మారగల నిర్ణయము ఒక్కొక్కటి ఒక్కొక్క ముక్కలో దాగునట్లు చేయవలెను. వడ్డీ రేటు మారును. కావున రేటును ఎరిగినవారు ఒక్కరే యుండవలెను.

మూడవది తొందరపడకుండుట. మార్టిన్ ఫౌలర్ 2004లో దీనికి మఱ్ఱిజాతి చెట్టు ఉపమానము నిచ్చెను. ఆయన దానిని ఆస్ట్రేలియా అడవులలో చూచెను గాని, తెలుగు పల్లెలలో తాటిచెట్టు మట్టలసందున మొలచిన రావిని చూడనివారుండరు. పక్షి విడిచిన గింజ మొలచి, వేళ్లు తాటిబోదెను చుట్టుకొని నేలకు దిగును. ఎన్నో యేండ్లు రెండును కలసి నిలుచును. తుదకు తాడి పోయినను రావి తన కాళ్లపై నిలుచును. అట్లే పాత ప్రోగ్రామును ఒక్క రాత్రిలో కూల్చక, ఒక్కొక్క పనిని క్రొత్తదానికి అప్పగించుచు రావలెను. కొన్ని మాసములు రెండింటికిని ఒకే లెక్క యిచ్చి, ఫలితములను పైసతో సహా పోల్చి చూడవలెను. తేడా వచ్చిన ప్రతిచోటను ఒక ప్రశ్న యున్నది.

ఇతరుల వ్రాతను చదివిన తెలుగువారు

ఈ చరిత్రలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. పాత ప్రోగ్రాములలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాయుటచే, 2000 సంవత్సరము వచ్చునప్పటికి 00 అనునది 1900గా చెల్లునను భయము 1990వ దశకము చివర ప్రపంచమును కలచివేసినది. వై2కె అను పేర ప్రసిద్ధమైన ఆ సవరణ పనికి హైదరాబాదునుండియు, కోస్తా, రాయలసీమ జిల్లాలనుండియు యువకులనేకులు కోబాల్ నేర్చి అమెరికా పోయినారు. వారు చేసినది భాషాంతరీకరణము కాదు. అంతకన్న ప్రాథమికమైన పని. ఎన్నడో, ఎవరో, మరియొక దేశమున వ్రాసిన లక్షల పంక్తులను చదివి, తేదీ ఎచ్చట దాగియున్నదో వెదకుట. 2000 జనవరి 1 పెద్ద ప్రమాదము లేకుండ గడచినందున ఆ భయమంతయు వట్టిదని పలికినవారున్నారు. గండి పడకముందే కట్ట వేసినవాని శ్రమ ఎల్లప్పుడును కనబడనిదే.

నాడు సవరింపబడిన ప్రోగ్రాములు మరల బ్రతికినవి. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వ్యాధివలన ఉపాధి కోల్పోయినవారి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవారు తోడ్పడవలెనని బహిరంగముగా కోరవలసి వచ్చినది. భాషకు దోషమేమియు లేదు. దానిని చదువగల కన్నులు కరవైనవి.

మార్పునకు మేర

అంతమాత్రమున క్రియాప్రధానమంతయు పాతదనియు, వస్తుప్రధానమే నాగరికమనియు తలచుట పొరపాటు. రాత్రి ఒక్కమారు నడచి, పట్టికను చదివి, కూడి, ముద్రించు లెక్కకు జాబితా వంటి ప్రోగ్రామే సహజమైనది. దానిని పది క్లాసులుగా విడగొట్టి, ప్రతిదానికిని మేనేజరు అని పేరు పెట్టినచో అది పాత జాబితాకు తలపాగా చుట్టుటయే. వేగము ముఖ్యమైన వీడియో ఆటలలో, ఆబ్జెక్టులుగా చెదరిన సమాచారమును మరల వరుసలుగా పేర్చి, సామాన్యమైన ఫంక్షనులతో నడుపువారును కలరు. నీరు ఎల్లప్పుడు ఒకే దిక్కునకు పారదు.

ఇప్పుడు కృత్రిమమేధ ఈ రంగమున ప్రవేశించినది. కోబాల్‌ను జావాలోనికి మార్చుటకు తోడ్పడు అట్టి సాధనమును ఐబీఎం 2023లో ప్రకటించినది. ఇట్టి సాధనములు పంక్తికి పంక్తి మార్చు పాతవానికన్న జావా నుడికారమును బాగుగ ఎరిగినవి, చిక్కుపడిన పేరాలకు వివరణ వ్రాయగలవు, పరీక్షలను సూచింపగలవు. కాని ఆ నలువది యొకటవ చోటు ఇంకను అట్లే యున్నది. జరిమానా విడుపు అచ్చట ఏల లేదో కోడులో వ్రాయబడనిచో, కోడును మాత్రమే చదివిన యంత్రము ఊహింపగలదు గాని ఎరుగజాలదు. ఊహ సుందరమైన జావాలో వ్రాయబడినప్పుడు అది ఊహయని గుర్తించుట మరింత కష్టము.

కావున ఇట్టి పనికి పూనుకొను కార్యాలయములు సాధనములను కొనుటకు ముందు చేయవలసిన దొకటి కలదు. ఆ లెక్కల నియమములు తెలిసిన పాత గుమాస్తా ఇంకను కొలువులోనే యున్నచో, ఆయన విరమణ దినమునకు ముందే ప్రోగ్రామరును ఆయన ప్రక్కన కూర్చుండబెట్టవలెను. ఏ ఉత్తరువు ఏ సంవత్సరమున వచ్చినదో, ఏ మినహాయింపు ఎవరికై పుట్టినదో అడిగి వ్రాసికొనవలెను. ఆ వ్రాత చేతనున్నచో కోడును ఏ భాషలోనికైనను మార్చవచ్చును.